నస్రీన్ వీడియో, మన దుకాణం పిల్లి

షార్జా

అబ్బాకు, అమ్మీకి మీ ఖాజా సలాములు. నేనిక్కడ ఆరోగ్యంగానే ఉన్నాను. అబ్బా మోకాలి నొప్పి, అమ్మీ దగ్గు ఎలా ఉన్నాయి? చెల్లెలు నస్రీన్ వేళకు తింటోందా? దుకాణంలో పిల్లి కులాసానా? ఉర్దూలో రాయలేదని కోప్పడకండి, నాకు తెలుగు రాతే తొందరగా వస్తుంది. ఎలాగూ మీకు చదివి వినిపించేది నస్రీనే.

ఎండలు ఇంకా తగ్గలేదు. దుకాణంలో ఏసీ ఉంటుంది కాబట్టి నా గురించి బెంగ వద్దు. పొద్దంతా కత్తిరింపే నా పని. ఇక్కడ కొలతకని పాత జాకెట్టు ఆదిగా ఎవరూ తేరు, చీటీ మీద అంకెలు వస్తాయి. ఎవరి కోసం కత్తిరిస్తున్నానో తెలియదు, తొడుక్కున్నాక చూసేదీ లేదు. తిండికి లోటు లేదు, కూరల్లో కారమే లేదు. ఎవరైనా ఇటు వస్తుంటే మానుకోట మిర్చి కారం ఒక డబ్బా పంపండి. శుక్రవారం సెలవు. ఆ రోజు మాత్రం ఇల్లు బాగా గుర్తుకొస్తుంది.

అందుకే శుక్రవారాలు నస్రీన్ కుట్టుపని వీడియోలు చూస్తాను. నా గదిలో ఉండే రాజమండ్రి సత్యం గారికి కంప్యూటర్ ఉంది. మొదటి వీడియోలో మన పిల్ల తలే ఎత్తలేదు, ఏం చెబుతోందో ఆ కత్తెరకే తెలియాలి. పిల్ల యాస విని సత్యం గారు నవ్వారు, నాకు ఒళ్లు మండింది. కింద ఎవరో "ఇదేం భాష" అని రాశారు కూడా. తర్వాతి వీడియోలో తను తల ఎత్తి, "గిది మా జనగామ మాట. అర్థం కాకుంటే అడుగుండ్రి, మల్ల చెప్త" అంది. గుమ్మంలోకి ఎవరైనా వస్తే లోపలికి పోయే పిల్ల అబ్బా ఇది! ఏది ముందు చెప్పాలో కాగితం మీద రాసుకుంటుందట, బాగా రాకపోతే విసుక్కోకుండా మళ్లీ తీస్తుందట. పోయిన వారం సత్యం గారే తన వీడియో అడిగి పెట్టించుకున్నారు.

ఇక మీరు ఫోన్లో చెప్పిన సంగతి. తెలంగాణ సమ్మె వల్ల నస్రీన్‌కు కాలేజీ లేదు. అబ్బా, మీరు దర్జీల దీక్షా శిబిరంలో కూర్చుంటే బతుకమ్మ జాకెట్లన్నీ తనే కుట్టింది. "వీడియోల పిచ్చిల పడి గుడ్డ కరాబ్ చేసింది. అది చాలదని ఊరందరికి చూపెట్టింది. దుకాణం ఇజ్జత్ తీసింది బిడ్డా. ఫోన్ పెట్టెల పెట్టి తాళమేసిన" అన్నారు. ఆ తర్వాత ఆ జాకెట్ల మీద తను పెట్టిన రెండు వీడియోలూ చూశాను.

తప్పు తనదే. ఆదినీ కొత్త గుడ్డనూ కలిపి ముడి వేసి ఉంచడం, ఒక మూట పని అయ్యాకే ఇంకోటి విప్పడం మన దుకాణం పద్ధతి. రంగులు బాగా కనబడాలని తను లక్ష్మక్కదీ, ఆమె కోడలిదీ రెండు మూటలూ ఒకేసారి విప్పింది. ఆదులు తారుమారయ్యాయి. లక్ష్మక్క గుడ్డను, సన్నగా ఉండే ఆమె కోడలి కొలతకు కత్తిరించింది. వీడియో లేకపోతే ఆ పొరపాటు జరిగేది కాదు, మీ మాట నిజమే.

రెండో వీడియో మాత్రం మీరు చూసినట్టు లేదు. అందులో లక్ష్మక్కను ఎదురుగా కూర్చోబెట్టుకుని, "అక్కా, నీ గుడ్డ నేనే తప్పు కత్తిరిచ్చిన. జర చూడు, చంక కింద గిట్ల అతుకేస్తే కనబడది. నచ్చకుంటే కొత్త గుడ్డ తెస్త" అంది. తల దించలేదు, మాట ఆపలేదు. అతుకేసిన జాకెట్టు లక్ష్మక్క తొడుక్కుని వచ్చి, "చెయ్యి లేపితేనే గద కనబడేది! పోనీ తియ్యి బిడ్డా, మంచిగనే ఉంది" అని నవ్వింది.

శిబిరంలో మీరు మైకు పట్టుకుని "భయపడకుండ మాట్లాడుండ్రి" అంటారట. ఇంట్లో ఒకరు అలా మాట్లాడితే పెట్టెకు తాళం వేశారు!

అది చూశాక రెండు రోజులు పని మీద నాకు మనసు నిలవలేదు. నస్రీన్, ఇక్కడి నుంచి ఒక్క ముక్క కూడా దాటేయకుండా చదువు.

అబ్బా, నేను దుకాణంలో పని నేర్చుకునేటప్పుడు పంతులు గారి కోటు గుడ్డ పాడైంది, గుర్తుందా? ఎలుకలు కొరికాయని చెప్పాను. ఎలుకలు కాదు. బల్ల మీద మడిచి ఉన్న ఆ గుడ్డను చూసుకోకుండా, దాని మీదే లైనింగు పరిచి కత్తెర వేశాను. రెండూ తెగాయి. అంచులు పళ్లతో పీకి ఎలుకల మీదికి తోశాను. మీరు పంతులు గారి ఇంటికి వెళ్లి, తల వంచుకుని నిలబడి వచ్చారు. మర్నాడే పిల్లిని తెచ్చారు. ఇన్నేళ్లుగా దానికి పాలు పోస్తూనే ఉన్నారు.

తన తప్పు నస్రీన్ తనే చెప్పుకుంది. నా తప్పు కూడా తన నోటితోనే చెప్పిస్తున్నాను. సిగ్గుగా ఉంది అబ్బా.

తాళం తీయడం, తీయకపోవడం మీ ఇష్టం. శిబిరంలో మీ దోస్తులకూ, వాడలో పెద్దలకూ నా సలాం చెప్పండి. నమాజులో నా పేరు కూడా తలుచుకోండి.

మీ దువా కోరే కొడుకు,
ఖాజా

పిల్లిని మాత్రం ఏమీ అనకండి. దానికేం తెలియదు.