అందరి పేరా ఒక్కడే చదివిన పాఠం

గౌరవనీయులైన క్రీడాధికారి వారి సముఖమునకు,

అయ్యా,

విషయం: పిల్లల వాలీబాల్ క్లబ్బు – బాలల రక్షణ శిక్షణ – సదరు శిక్షణ పొందకయే కార్యకర్తలందరూ పొందినట్లు ధ్రువపత్రములు ఉండుట – శనివారం తెల్లవారుజామున బయలుదేరు కారును ఆపించుట – గురించి.

సూచిక: ఇదే విషయమై గత నెలలో నేను దాఖలు చేసుకున్న అర్జీ మరియు దానికి పట్టిన గతి.

కళ్ళజోళ్ళ దుకాణం నడుపుకొనువాడను, సదరు క్లబ్బులో జీతం లేని కార్యకర్తను, అక్కడ ఆడుచున్న పన్నెండేళ్ళ పాపకు స్వయానా మేనమామను అయిన నేను తమకు విన్నవించుకొనునది ఏమనగా:

1. సదరు క్లబ్బు తల్లిదండ్రుల రెక్కల మీద నడుచుచున్నది. నెట్ కట్టేది మేమే, నీళ్ళ డబ్బాలు మోసేది మేమే, మోకాళ్ళు చీరుకుపోతే మందు రాసేదీ మేమే. కోచ్ గారు కూడా పైసా తీసుకోరు. అందువలన ఆయనను ఏదైనా అడగవలెనన్న ఎవ్వరికీ నోరు పెగలదు. ఊరికే వచ్చి మన పిల్లలకు ఆట నేర్పే మనిషిని ఏమని నిలదీస్తామని మొహమాటం. ఆ మొహమాటమే మా కొంప ముంచుచున్నదని మనవి.

2. పిల్లల మధ్య పనిచేయు ప్రతి కార్యకర్తా బాలల రక్షణ శిక్షణ పొందవలెనని తమ కార్యాలయపు ఉత్తర్వు. కంప్యూటరు ముందు కూర్చుని పాఠం వినాలి, చివర్లో ప్రశ్నలకు జవాబులు చెప్పాలి. మాలో ఒకరికి ఫ్యాక్టరీ షిఫ్టు, ఒకరికి చంటిబిడ్డ, నాకు దుకాణం. "మీకెందుకండీ ఈ తలనొప్పి? మీ పాస్‌వర్డులు నాకివ్వండి, నేను చూసుకుంటా" అన్నారు కోచ్ గారు. ఎంత మంచివాడో అని మురిసిపోయాం. ఇచ్చేశాం. ఒక్క ఆదివారంలో అందరికీ ధ్రువపత్రాలు వచ్చిపడ్డాయి. ఫ్రేములు కట్టించి క్లబ్బు గోడకు వరసగా తగిలించాం. తమరు వచ్చిన రోజున వాటిని చూసి "భేష్" అని మెచ్చుకున్నారు కూడా. అయ్యా, ఆ గోడ మీద పేర్లున్న వాళ్ళందరిలో ఆ పాఠం విన్నవాడు ఆయనొక్కడే.

3. మా అక్క కూతుళ్ళిద్దరూ ఆ క్లబ్బులోనే ఆడతారు; పెద్దది, అంటే ఈ పాప, వాగుడుకాయ. ఇంట్లో అందరం పిడుగు అని పిలుస్తాం. దుకాణానికి వచ్చిందంటే నా ఫ్రేములన్నీ ముక్కున పెట్టుకుని, గిరాకీలను అనుకరించి, "మామయ్యా, నీకే కళ్ళు కనబడవు, నువ్వేం అమ్ముతావు?" అని నన్ను ఆటపట్టించేది. అలాంటి పిల్ల నోట ఇప్పుడు మాట రావడం లేదు. ఫోను మోగితే ఉలిక్కిపడుతోంది. పడుకునేటప్పుడు తలుపుకు కుర్చీ అడ్డం పెడుతోంది. "ఏమైందే తల్లీ?" అంటే "ఏం లేదు, ఆటలో అలసిపోయా" అంటుంది. మా అక్కను అడిగితే, "పెద్దదవుతోందిరా, ప్రతిదానికీ రాద్ధాంతం చేయకు" అని కసురుకుంది.

4. మనసు ఊరుకోక, నా పేర పాసైపోయిన ఆ శిక్షణను నేను మొదటిసారి తెరిచి విన్నాను. పెద్దవాళ్ళు పిల్లతో ఒంటరిగా మూసిన గదిలో ఉండరాదన్నారు. మా కోచ్ గారు "ప్రత్యేక శిక్షణ" ఇచ్చేది బంతుల గదిలో, తలుపు మూసి. పిల్లలకు రహస్యంగా కానుకలు ఇవ్వరాదన్నారు. పాప కాళ్ళకు కొత్త బూట్లు, క్లబ్బు ఇచ్చిందని ఇంట్లో చెప్పింది, క్లబ్బు ఎవరికీ ఏ బూట్లూ ఇవ్వలేదు. తల్లిదండ్రులకు తెలియకుండా పిల్లలకు సందేశాలు పంపరాదన్నారు. ఒక్క పిల్లనే బండి మీద ఇంటికి దింపరాదన్నారు. ఇంకేం చెప్పమంటారు? అందులో ఏది చేయకూడదన్నారో అది ఒక్కొక్కటిగా మా కళ్ళ ముందే జరుగుతోంది. మర్నాడు వెళ్ళి బంతుల గది చూశాను. బయట తాళం వేసుకోవాల్సిన గదికి లోపలి వైపు కొత్త గడియ బిగించి ఉంది. బంతులు లోపల్నుంచి గడియ పెట్టుకుంటాయా అయ్యా?

5. ఈ సంగతులన్నీ గత నెలలో తమకు అర్జీ పెట్టుకున్నాను. "తగు చర్య నిమిత్తం క్లబ్బు బాలల రక్షణ బాధ్యునికి పంపడమైనది" అని తమ కార్యాలయం నుండి జవాబు వచ్చింది. సదరు బాధ్యుడు ఎవరయ్యా అంటే, ఆ కోచ్ గారే. వేరే ఎవ్వరికీ తీరిక లేదని మేమందరం చప్పట్లు కొట్టి ఆ పదవి ఆయనకే అంటగట్టాం. వారం తిరగకముందే ఆయన నా అర్జీని మడతపెట్టి జేబులో పెట్టుకుని దుకాణానికి వచ్చాడు. కళ్ళు పరీక్ష చేసే కుర్చీలో తీరిగ్గా కూర్చున్నాడు.

"అన్నయ్యగారూ, మీ చేతిరాత ముత్యాల్లా ఉందండీ" అన్నాడు. "విచారణ పూర్తి చేశాను. ఆరోపణలు నిరాధారమని రాసి పంపించేశాను."

"ఎవరిని విచారించావు?" అన్నాను.

"పాపనే. పక్కన ఎవరూ లేకుండా కూర్చోబెట్టి అడిగాను. ఏమీ లేదంది."

నవ్వుతూనే చెప్పాడయ్యా. వెళ్తూ వెళ్తూ గల్లాపెట్టె దగ్గరున్న పాప ఫోటోను ఎత్తి చూసి, మళ్ళీ సరిగ్గా ఉన్నచోటే పెట్టాడు. ఆయన మెట్లు దిగగానే ఆ ఫోటో తీసి గల్లాపెట్టెలో పెట్టి తాళం వేశాను.

6. పోలీసు స్టేషనుకూ వెళ్ళితిని. గడియను, బూట్లను చూపించి కేసు ఎలా రాయమంటావు, పాప నోటితో పాప చెప్పాలి కదా అన్నారు. తోటి తల్లిదండ్రులకు చెప్పితిని. "అంత మంచి మనిషి మీద నింద వేయడానికి నీకు నోరెలా వచ్చింది?" అని ఒకాయన నాతో మాట్లాడడం మానేశాడు. నీళ్ళ డబ్బాలు నాతో కలిసి మోసిన మనిషే.

7. ఇప్పుడు అసలు విషయం. పొరుగూరిలో ఎంపిక శిబిరం ఉందట. క్లబ్బు తరఫున ఒక్క పిల్లే వెళ్ళాలట. కోచ్ మా పాపను ఎంపిక చేశాడు. శనివారం తెల్లవారుజామున ఆయన సొంత కారులో ప్రయాణం, రాత్రికి లాడ్జిలో బస, ఆదివారం తిరుగుప్రయాణం. నేనూ వస్తానని మా అక్క అంటే, "అమ్మలు వెంట వస్తే పిల్లలు ఆట మీద మనసు పెట్టరండీ" అన్నాడు. ఫోను కూడా ఇంట్లోనే వదిలేసి రావాలట. అక్క కొత్త సంచీ కొని బట్టలు సర్దుతోంది. వీధంతా చెప్పుకుని మురిసిపోతోంది.

కావున తమరు దయచేసి:

(అ) సదరు కారును శనివారం కదలనీయకుండా ఆపించవలెను.

(ఆ) విచారణ పూర్తియగు వరకు ఆయనను మైదానం ఛాయలకు రానీయరాదు. విచారణ ఆయన చేత చేయించరాదు. ఈ మాట రాయాల్సి వస్తుందని నేను కలలో కూడా అనుకోలేదు.

(ఇ) గోడ మీది ధ్రువపత్రములన్నీ రద్దుపరచి, మమ్మల్నందరినీ ఒకచోట కూర్చోబెట్టి శిక్షణ ఇప్పించవలెను. నాది ముందుగా చించవలెను.

(ఈ) ఈ అర్జీని తగు చర్య నిమిత్తం ఎవ్వరికీ పంపరాదు. తమరే చదవండి. తమకూ పిల్లలుండే ఉంటారు. లేకపోతే తమరూ ఒకప్పుడు పిల్లవాడే కదా.

చిత్తగించవలెను. చిత్తగించి ఫైలులో మాత్రం పెట్టవద్దని వేడుకొనుచున్నాను.

ఇట్లు,
తమ విధేయుడు,
పాప మేనమామ

(పాప పేరు ఇందులో ఎక్కడా రాయలేదు. రాయరాదని శిక్షణలో చెప్పారు.)

తాజా కలం: అయ్యా, కవరు అంటించబోతుంటే పాప దుకాణానికి వచ్చింది. ఏం రాస్తున్నావని అడిగింది. శనివారం నిన్ను పంపకుండా ఆపడానికి అన్నాను. నా చెయ్యి పట్టేసుకుంది. "వద్దు మామయ్యా, ఆపొద్దు. నేను రాకపోతే చెల్లిని తీసుకెళ్తానన్నాడు. దానికేం తెలీదు. నాకైతే అలవాటైపోయింది" అంది.

నాకైతే అలవాటైపోయింది అందయ్యా. పన్నెండేళ్ళ పిల్ల.

నిన్ను నమ్ముతున్నానని చెప్పాను. తప్పు నీది కాదని చెప్పాను. ఆ పాఠంలో ముందు అదే చెప్పమన్నారు. దుకాణం మూసేసి మా అక్కకు కబురు పెట్టాను. వచ్చింది, విన్నది. పాప చెయ్యి పట్టుకుంది. ముగ్గురం ఇప్పుడే స్టేషనుకు వెళ్తున్నాం, చెల్లిని పక్కింటావిడ దగ్గర వదిలి. ఈ కవరు నా పనివాడి చేత పంపిస్తున్నాను, తమ చేతికే ఇవ్వమన్నాను. స్టేషనులో ఎంతసేపు పడుతుందో, ఆయన్ని ఎప్పుడు పట్టుకుంటారో తెలీదు.

మా పిల్లలిద్దరూ ఆ కారెక్కరు. చెల్లి కూడా రాకపోతే ఎవరిని తీసుకెళ్తానన్నాడే అని పాపను అడిగాను. మొన్ననే చేరిన పిల్లనట. వాళ్ళ ఇల్లెక్కడో మాలో ఎవ్వరికీ తెలీదు. చేరిక దరఖాస్తులన్నీ ఆయన దగ్గరే ఉంటాయి, ఒక ప్రతి తమ ఆఫీసులో ఉండాలి. కాళ్ళు పట్టుకుంటానయ్యా, సంతకాలూ ముద్రలూ తర్వాత చూసుకోండి, ఈ రోజే ఆ ఇల్లు వెతుక్కుంటూ వెళ్ళండి. ఎవరో ఒకరు వెళ్ళి చెప్పకపోతే ఆ పిల్ల తల్లి తలదువ్వి, ముద్దుపెట్టి, తన చేత్తోనే కారెక్కిస్తుంది.