బాట లేని చేను

నేను, యాడికి మండలం రాళ్ళకుంటపల్లి రైతు శ్రీరంగప్పను, కీర్తిశేషులు ఆంజినప్ప కొడుకును, వయస్సు డెబ్బై రెండు. ఒంట్లో సత్తువ తగ్గినా మతి చెదరలేదు. ఎవరి ఒత్తిడీ, ఎవరి మొహమాటమూ లేకుండా నా తదనంతరం చెల్లేలా ఈ వీలునామా రాయిస్తున్నాను.

1. నా భాగానికి వచ్చిన మూడెకరాల మెట్టచేను సర్వహక్కులతో నా కూతురు మల్లీశ్వరికి చెందాలి. సర్వహక్కులు అని రాయించానే గానీ, అందులో కాలు పెట్టే హక్కు ఇప్పుడు నాకే లేదు. నాలుగు దిక్కులా సోలార్ కంపెనీ కంచె, నడుమ నా చేను. పంపకాల్లో బండిబాట తమ్ముడు సుంకప్ప భాగంలో పడింది. బాటను కాగితం మీద రాయించుకోవడమంటే మా ఊళ్ళో తోడబుట్టినవాణ్ణి దొంగ అన్నట్టే. అందుకని నోటిమాటతో సరిపెట్టుకున్నాం. వాడు భూమిని కంపెనీకి కౌలుకిచ్చిన రోజు అడిగాను. “నీ బాట ఆడే ఉంటాదిలేన్నా, ఎవరెత్తుకపోతారు?” అన్నాడు. బాట అక్కడే ఉంది. దాని మీద గేటు పెట్టారు.

2. ఎండ కరెంటు మీద నాకు పగ లేదు. వానలు మొహం చాటేసిన ఈ సీమలో ఏటా తప్పకుండా పండేది ఎండ ఒక్కటే, దాన్ని అమ్ముకుంటే తప్పేముంది? కానీ ప్లాను గీసినవాళ్ళు చేను చూశారు, చేనికి పోయే మనిషిని చూడలేదు. నా భార్య నల్లమ్మ సమాధి అందులోనే ఉంది. అక్కడ దీపం పెట్టాలన్నా అనుమతి కావాలి. మల్లీశ్వరి కూడా కౌలుకిస్తే ఇవ్వనీ, సమాధినీ, దాని దగ్గరికి చేలో నడిచే బాటనూ మినహాయించి, ఆ మాట కాగితం మీద రాయించి మరీ ఇవ్వాలి.

3. నా గొడుగు గేటు కావలి తిప్పేష్‌కు. “పైనుంచి ఫోను రావల్లప్పా” అని నన్ను నిలబెట్టినప్పుడల్లా వాడూ నాతోపాటు ఎండలోనే నిలబడ్డాడు.

4. ఎద్దులబండి సుంకప్పకు. బండి నడిచే బాట వాడి దగ్గరే ఉంది కదా.

5. ఈ వీలునామా అమలు బాధ్యత మల్లీశ్వరిది. నన్ను నల్లమ్మ పక్కనే పూడ్చాలి, వేరే చోటు వద్దు. గేటు మూసి ఉంటే పాడెను దాని ముందే దింపండి, అదే నా దింపుడు కల్లం. పోయిన ప్రాణం తిరిగొస్తుందేమోనని అక్కడ చెవిలో మూడుసార్లు పిలుస్తారు. నన్ను పిలవాల్సింది సుంకప్ప. గేటు వచ్చాక వాడితో మాట మానేశాను గానీ, అంతకుముందు వాడు పిలిస్తే పలకని రోజు లేదు. మూడుసార్లతో ఆపకూడదు. గేటు తెరిచేదాకా వాడు ‘అన్నా’ అని పిలుస్తూనే ఉండాలి.

తేది: 14 ఆగస్టు 2025, రాళ్ళకుంటపల్లి
సంతకం: శ్రీరంగప్ప
సాక్షులు: ఓబులేష్, మారెక్క