చెక్కలిచ్చిన ఓడ

నరసరావుపేట,
18 ఫిబ్రవరి 2025.

లిఖితకు షాహిదా నమస్కారాలు.

ఇక్కడ అందరం కులాసా. నువ్వు కూడా కులాసాగా ఉన్నావని తలుస్తానని రాయాలి గానీ, నీ కులాసా చెడగొట్టడానికే నాలుగు నెలలుగా తిండీ నిద్రా మానుకున్నాను కాబట్టి ఆ మాట నా చేత్తో రాయలేను. ఫోనులోనూ కంప్యూటరు ఆటలోనూ అన్నిచోట్లా నన్ను బ్లాక్ చేశావు. పోస్టుమాన్‌ని బ్లాక్ చేయలేవుగా. రిజిస్టరు పోస్టులో పంపుతున్నాను, సంతకం పెట్టి తీసుకో.

మొన్న ఆదివారం నీ లైవ్ మధ్యలో నీ ఓడను ఆరు ఓడలు చుట్టుముట్టాయి చూడు, అవి నావే. ఎవరో పెద్ద ముఠా పగబట్టిందని నీ చానెల్లో చెప్పుకుని ఏడ్చావట. ముఠా లేదు, మన్నూ లేదు. ఆ ఓడల్లో ఉన్నవాళ్లంతా నువ్వు ముంచినవాళ్లే. సముద్రపు దొంగల ఆటలోకి వచ్చి వారం కాకముందే, తెరచాప ఎత్తడం కూడా సరిగ్గా రాకముందే, నువ్వు ముంచి, నవ్వి, వీడియో పెట్టుకున్న కొత్తవాళ్లు. నీ వీడియోల కింద తిట్లు రాసినవాళ్లను ఒక్కొక్కళ్లనే వెతికి పట్టుకున్నాను. అందరికంటే ముందు నీ ఓడ మీద ఫిరంగి గుండు వేసింది మాచర్లలో మందుల షాపు నడిపే త్రికోటేశ్వరరావుగారు. ఆయన్ని నువ్వు మూడుసార్లు ముంచావు, నీకు గుర్తు కూడా ఉండదు.

ఇంజనీరింగ్ మొదటి సంవత్సరం నుంచీ నీ ఓడలో పనిచేసినదాన్ని. ఎడమ పక్కకు నువ్వు ఎప్పుడూ చూసుకోవని నాకు కాక ఇంకెవరికి తెలుస్తుంది? అటువైపునుంచే రమ్మన్నాను. నువ్వు కూడబెట్టిన నిధి పెట్టెలన్నీ నీళ్లపాలయ్యాయి. నాలుగు వేల మంది చూస్తుండగా, ఆగండి, ఒక్క నిమిషం ఆగండి అని మైకులో బతిమాలావు. ఆ ముక్క నేను పదిసార్లు పెట్టుకుని విన్నాను. నిజం చెప్తున్నా, కడుపు చల్లబడింది.

ఎందుకు చేశానో నీకు తెలుసు, అయినా చెప్తాను. మా నాన్న కాలేషా నీకు తెలియని మనిషేం కాదు, వినుకొండ రోడ్డులో ఆయన లారీ షెడ్డు దగ్గర నువ్వు టీ తాగావు. కిందటేడు జాకీ జారి ఆయన కుడిచేతి వేళ్లు నలిగాయి. కట్టు విప్పాక డాక్టరు వేళ్లు ఆడిస్తూ ఉండమన్నాడు. ఇంట్లో నా పాత కంప్యూటరుంటే, పక్కింటి కీర్తి దాన్లో ఈ ఆట ఎక్కించి పెట్టింది. నేను గుంటూరు హాస్టల్లో ఉండటంతో నాకెవరూ చెప్పలేదు. ఆయన పుట్టాక చూసిన పెద్ద నీళ్లంటే సాగర్ డ్యామే. ఓడ నడపడం ఎంత సంబరమో ఆ మనిషికి.

ఆ రోజు మన ఓడ ఆయన పక్కకు వెళ్లింది. ఇంకొకరైతే పారిపోయేవాళ్లు. ఆయన లంగరు వేశాడు. మెకానిక్ కదా, పక్కన బండి వచ్చి ఆగిందంటే చెడిపోయిందనే లెక్క. ఏందమ్మా, చిల్లు పడిందా, నా కాడ చెక్కలు చానా ఉండయ్, తీసుకోండి అని మైకులో పిలిచాడు. ఓడకు చిల్లు పడితే చెక్క కొట్టి పూడ్చాలి, చెక్కల్లేకపోతే మునగడమే అని ఆయనకప్పటికే తెలుసు. నువ్వు ఏడుపు గొంతు పెట్టి, పడింది మామా అన్నావు. ఉన్నవన్నీ తెచ్చి ఇచ్చేశాడు. ఆఖరి చెక్క మన ఓడలోకి వచ్చాక ఫిరంగి పేల్చావు. నీళ్లు మెడ దాకా వచ్చినా ఎందుకు కొడతన్నారమ్మా అని అడుగుతూనే ఉన్నాడు.

నేనూ ఆ ఓడలో ఉన్నాను, కాదనను. నా హెడ్‌ఫోన్ పాడై ఒక్క మాటా వినపడలేదని, వీడియో చూశాకే ఆ గొంతు ఎవరిదో తెలిసిందని నీకు అప్పుడే చెప్పాను.

ఆ వీడియోకు చెక్కల మామ అని పేరు పెట్టి వదిలావు. లక్షల మంది చూశారు. చేయి కుదిరి షెడ్డుకు వెళ్తే, గొంతు గుర్తుపట్టిన డ్రైవర్లు బండి ఆపి మరీ చెక్కలుండయా మామా అని అడిగారు. నాలుగు రోజులు ఓర్చుకున్నాడు. అయిదో రోజు నుంచి షెడ్డు తెరవలేదు. ముప్పై ఏళ్లు నడిపిన షెడ్డు. ఆ వీడియో తీసెయ్యవే అని నీ కాళ్లావేళ్లా పడ్డాను. నలుగురు నవ్వుకుంటే ఏమవుద్దే అని నన్ను బ్లాక్ చేశావు.

ఇప్పుడు నలుగురూ నిన్ను చూసి నవ్వుతున్నారు. ఏమైందో నువ్వే చెప్పు. వీడియో తీసెయ్యి. తీయకపోతే ప్రతి ఆదివారం వస్తాం. పేరు మార్చుకున్నా వస్తాం, ఓడ మార్చుకున్నా వస్తాం. నాన్న షెడ్డు తెరిచేదాకా నీ ఓడ ఒడ్డు చేరదు.

ఇట్లు,
ఒకప్పటి నీ స్నేహితురాలు,
షాహిదా.

తా.క. కవరు అంటించి, మళ్లీ చించాను. నిన్న నీ ఓడ మునిగిన వీడియో నాన్నకు చూపించాను. ఆయన నవ్వలేదు. దాంతో నేనిక ఆగలేకపోయాను, ఆయనకు చెప్పిందే నీకూ చెప్తున్నాను. నా హెడ్‌ఫోన్ పాడు కాలేదు. మొదటి మాటకే నాన్న గొంతు గుర్తుపట్టాను. మీరంతా పగలబడి నవ్వుతుంటే, ఆయన మా నాన్న అని చెప్పడానికి నాకు సిగ్గేసింది. ఆ చెక్కలు ఒక్కొక్కటే అందుకున్నది నేనేనని నీకూ తెలుసు.

నాన్న కుడిచేతి వేళ్లు ఒత్తుకున్నాడు. నాకు తెలుసులేమ్మా అన్నాడు. నువ్వాడే సముద్రంలోకే నన్నూ పంపమని కీర్తిని అడిగి పెట్టించుకున్నా, ఆ ఓడ మీద కనపడే పేర్లల్లో నీ పేరు చూసే లంగరు వేశా, నీ ఓడకే చిల్లు పడిందనుకున్నా అన్నాడు.