తల విదిలించినంత మాత్రాన

అడవిలో దళం పెద్దన్నకు, పుల్లలచెరువు పక్క గొర్రెలు కాసుకునేవాడు దండంపెట్టి రాసుకునేది.

మీ యుద్ధానికి ఇంటికొక పిల్లోణ్ణి పంపమన్నారు. మా కొడుకు తిరపతయ్యను పంపితే ఊళ్ళో మర్యాద ఉంటదని నా తమ్ముడు అంటాడు. నా పెండ్లాము రెండు దినాలుగా కూడు ముట్టలేదు.

అమ్మోరికి పొట్టేలును ఇచ్చేటప్పుడు దాని నెత్తిన నీళ్ళు పోసి నిలబడతాం. అది ఒళ్ళు విదిలిస్తే ఒప్పుకున్నట్టు. విదిలించేదాకా ఎంతసేపైనా కత్తి ఎత్తం. మీరూ పల్లెల్లో పుట్టినోళ్ళే, మీకు తెలియంది కాదు.

నిన్న మావాడు తానం చేసి వచ్చి తల విదిలించినాడు. అది చూసి వాళ్ళమ్మ గోడకు ఆనుకొని ఏడ్చింది. నా తమ్ముడేమో పిల్లోడు ఒప్పుకున్నాడని మీకు కబురు పంపినాడంట.

వాణ్ణి ఇంతవరకు ఎవరూ ఏమీ అడగలేదన్నా. వాడు తడి తల ఆరబెట్టుకున్నాడు, అంతే.