ఆఫీసరుకి వడ్డించిన భోజనం

ఆగస్టు 2020, గురువారం రాత్రి

నిద్ర పట్టడం లేదు. కరోనా వల్ల మూతపడ్డ హోటళ్లకు ప్రభుత్వం ఇచ్చే సాయం కోసం అర్జీ పెట్టాం కదా, ఇవాళ మా అమీర్‌పేట మెస్సు చూడడానికి ఆఫీసరు వచ్చాడు. వానలో తడిసి వచ్చిన మనిషిని ‘భోంచేశారా?’ అనకుండా ఉండలేకపోయాను. మా ఆయనకీ నాకూ వండుకున్న పప్పూ గోంగూరా ఆకేసి వడ్డించాను, నెయ్యి కూడా వేశాను.

“మస్తుగున్నది అక్కా! గిట్ల నడుస్తుంటే మీకు సాయమెందుకు?” అని ‘హోటల్ నడుస్తోంది’ అని రాసుకుని పోయాడు.

అప్పటినుంచి మా ఆయన నాతో మాట్లాడడం లేదు. చుట్టూ హాస్టళ్లన్నీ ఖాళీ. ఈ సాయం రాకపోతే మెస్సు ఎత్తేయాల్సిందే.

పొద్దున్నే ఆ ఆఫీసుకి వెళ్లి, ఇంకోసారి వచ్చి చూడమని బతిమాలాలి. బల్కంపేట ఎల్లమ్మ తల్లీ, ఆ ఆఫీసర్ని భోజనం వేళకి మాత్రం పంపకు.