మందు కానూన్‌ల ఆడోళ్ల షరతు

ఆదివారం రాత్రి, సిద్దిపేట

ఇందుమూలంగ మా ఇంట్ల యావన్మందికి తెలియజేయునది ఏమనగా, రేపటి సంది నా రబ్బరు చెప్పులు ఎవ్వలు తొడుగద్దు. ఇది హుకుం.

ఇగ అసలు ముచ్చట. ఇయ్యాల నారాయణరావుపేట రోడ్డు మీద తెలంగాణ కోసం వంటావార్పు పెట్టిన్రు. మా చెల్లె బాలవ్వ పప్పు కలుపుకుంట, "అన్నా, తెలంగాణ వస్తె మీ బావ తాగుడు మానుతడా?" అని అడిగింది.

నేను పెద్దమనిషి లెక్క మొఖం పెట్టి, "సర్కారు మందు కానూన్ మారుస్తున్నదే. ఊరి ఆడోళ్లు ఒప్పుకోకుంటె ఇగ బెల్టు షాపు నడువది" అన్న. నవ్వుతదనుకున్న. నవ్వలె. గంటె చేతుల పట్టుకొనే, ఆడోళ్లందరిని తోల్కపోయి మల్లేశం బెల్టు షాపుకు తాళమేసింది.

నా అనుమానమంత మల్లేశం మీదనే. బంద్ నాడు గూడ ఎనుక తలుపు నుంచి సీసాలమ్మేటోడు, ఇయ్యాల కిక్కురుమనలె. నన్ను పక్కకు పిలిచి చాయ్ తాపిచ్చిండు. "గా షరతు సంగతి నీకెవడు చెప్పిండే? అబ్కారీ సారు ఎవ్వలకు చెప్పద్దన్నడు" అన్నడు. వాడు నన్ను ఆడిస్తున్నడా, సారు వాణ్ణి ఆడిస్తున్నడా?

రేపు ఆడోళ్లంత అబ్కారీ ఆఫీసుకు పోతరట. నన్ను ముంగట నడువుమంటున్నది బాలవ్వ. "ఏదమ్మా ఆ షరతు?" అని సారు అడిగితె ఆమె నా మొఖమే చూస్తది. షాపు మల్ల తెరిస్తె ఆమె ఇంట్ల మల్ల గదే లొల్లి, గవే దెబ్బలు.

ఆ షరతు ఏ కానూన్‌ల ఉన్నదో నాకే తెల్వది. పప్పు ఉడికేలోపు నేనే పుట్టిచ్చిన.