ఎర్త్ వైరు చూసినది ఎవరు

అమ్మకు,

నీ పెద్దమ్మాయి నమస్కారాలు. నేనిక్కడ ఒంట్లో బాగానే ఉన్నాను. నువ్వూ చెల్లీ కులాసాగా ఉన్నారని నీ ఉత్తరం చూసి తెలుసుకున్నాను. అది చెల్లి రాసి ఉంటే అంతగా నమ్మేదాన్ని కాదు. నువ్వే రాశావు! పదకొండు వాక్యాలు, చివర వంకరగా నీ సంతకం. మా కార్ల రిపేరు షెడ్డులో అందరికీ చూపించి, నా పనిముట్ల పెట్టె మూతకి లోపలివైపు అంటించుకున్నాను.

ఈ ఉత్తరం పెద్ద అక్షరాలతో, మాటకీ మాటకీ మధ్య ఎడం వదిలి రాస్తున్నాను. చెల్లికి ఇవ్వకుండా నువ్వే కూడబలుక్కుని చదవాలి. రెండు రోజులు పట్టినా పరవాలేదు.

వేళకి తింటున్నావా అని అడిగావు. తింటున్నాను. అంతమంది మగవాళ్ల మధ్య ఎలా వేగుతున్నావని అడిగావు. చేరిన కొత్తలో నన్ను చూసి, "ఆఫీసు అటువైపమ్మా" అని దారి చూపించేవాళ్లు. ఇప్పుడు "ఏయ్, ఆ జాకీ ఇటు తొయ్యి" అని అరుస్తున్నారు. ఇది గౌరవమేనమ్మా, కంగారుపడకు.

కారులో కంప్యూటరేమిటే, ఎవరు కూర్చుని టైపు కొడతారు అని కూడా అడిగావు. ఆ మాట చదివి పడీపడీ నవ్వాను. టైపు కొట్టేవాళ్లెవరూ ఉండరు. అదొక రేకు పెట్టె, నీ అరచేతులు రెండూ కలిపితే ఉన్నంత. ఇంజినుకి ఎంత పెట్రోలు పోయాలో, ఎప్పుడు నిప్పురవ్వ పుట్టించాలో క్షణక్షణం అదే చెబుతుంది. మా షెడ్డులో దాన్ని 'బుర్ర' అంటారు. అలాంటి బుర్ర ఒకటి ఈమధ్య నేనే మార్చాను. ఆ సంగతి కాస్త వివరంగా చెబుతాను, ఓపిగ్గా చదువు.

మంచాన పడ్డవాళ్ల ఇళ్లకు వెళ్లి కట్లు మార్చే ఒక నర్సమ్మ ఉంది. ఆమె కారు అరగంట నడిచాక ఆగిపోతోంది. చల్లారాక ఏమీ ఎరగనట్టు మళ్లీ నడుస్తోంది. "మీ ముందుకొస్తే మాత్రం పెళ్లిచూపుల్లో కూర్చున్నట్టు ఎంత బుద్ధిగా ఉంటుందో చూడు" అందామె.

నేను దాన్ని వేడెక్కేదాకా తిప్పాను. ఆగింది. తాళం తిప్పితే వెలగాల్సిన ఇంజిను దీపం వెలగలేదు. పెట్రోలు పంపు చప్పుడు లేదు. బుర్ర చెప్పేది తెర మీద చూపించే స్కానరు తగిలిస్తే ఉలుకూ లేదు, పలుకూ లేదు. చల్లారాక అన్నీ పలికాయి. మర్నాడు ఇంజిను చల్లగా ఉన్నప్పుడే స్టార్టు చేసి, జుట్టు ఆరబెట్టుకునే మిషనుతో ఆ పెట్టె ఒక్కదానికే వేడిగాలి కొట్టాను. నాలుగు నిమిషాల్లో ఇంజిను ఆగిపోయింది. బుర్ర పోయిందని అందరి ముందూ గట్టిగా చెప్పాను. ఎంత గర్వపడ్డానో నీకెందుకు దాచాలి?

మా పెద్దమేస్త్రి గురించి ఇదివరకు రాశాను కదా. ముప్పై ఏళ్ల నుంచి ఇదే పనిలో ఉన్నాడు. ఒక్క అక్షరం రాదు. నా స్కానర్ని 'నీ టీవీ' అంటాడు. ఆయన వచ్చి ఇంజిను మీద చెయ్యి పెట్టి, "టీవీలో బొమ్మ బాగానే వచ్చింది, ఒప్పుకుంటాను. మరి బుర్ర ఎందుకు పోయింది తల్లీ? తల మార్చేముందు కాళ్లు చూడాలి. ఎర్త్ వైరు చూడు" అన్నాడు.

ఎర్త్ వైరంటే బ్యాటరీ నుంచి కారు ఒంటికి వెళ్లే లావుపాటి తీగ. కారులో వాడిన కరెంటంతా దాని గుండానే వెనక్కి వెళ్లాలి. అది చెడితే ఆ భారం బుర్ర మీద పడుతుంది. అది సరిగా చూడాలంటే బ్యాటరీని, దాని కింద రేకునీ ఊడదీయాలి. నేను పైనుంచి తొంగిచూశాను. బాగానే కనిపించింది.

అదే నంబరున్న కొత్త బుర్ర తెప్పించాం. కొత్తదానికి పాత తాళంచెవి తెలియదు, దొంగనుకుని బండిని కదలనివ్వదు. స్కానరు పెట్టి ఒక్కో తాళంచెవినీ దానికి పరిచయం చేయాలి. చేశాను. బండి ఝామ్మని లేచింది. ఏ పని ఎవరు చేశారో రాసే జాబ్ కార్డు నింపి, పెద్దమేస్త్రి వేలిముద్ర వేయించి, బండి పంపించేశాను.

తొమ్మిదో రోజున ఆ కారుని తాడు కట్టి లాక్కొచ్చారు. పుండు మీది కట్టు విప్పుకుని కూర్చున్న ఒక ముసలాయన నర్సమ్మ కోసం మూడు గంటలు ఎదురుచూశాడట. కొత్త బుర్రతో కూడా ఆగిందంటే తప్పు ఎర్త్ వైరుదేనని మా ఓనరు జాబ్ కార్డు తీసి చదివాడు. చదివి పెద్దమేస్త్రి వైపు తిరిగాడు. "ఎర్త్ వైరు నువ్వే చూశానని వేలిముద్ర వేశావు. ఏం చూశావయ్యా? కళ్లు ఆనకపోతే ఇంట్లో కూర్చో. ఒకటో తారీఖు నుంచి రావద్దు" అన్నాడు.

పెద్దమేస్త్రి ఆ కార్డు వైపు చూశాడు. తర్వాత నా వైపు చూశాడు. చేతులు తుడుచుకుని తన పీట మీద కూర్చున్నాడు.

అమ్మా, పైన ఒక మాట దాటేశాను. ఇప్పుడు రాస్తున్నాను.

కార్డులో 'ఎర్త్ వైరు చూసినది ఎవరు' అని ఒక గడి ఉంటుంది. బుర్ర మార్చినవాళ్లు కాక రెండోవాళ్లు చూసి అక్కడ పేరు వేయాలని రూలు. రెండోవాళ్లెవరూ చూడలేదు. నేను పెద్దమేస్త్రి పేరు రాశాను. ఆయన అప్పుడు ఇంకో బండి కింద పడుకుని ఉన్నాడు. "ఏం రాశావ్?" అని అడిగాడు. "అంతా సరిగ్గా ఉందని రాశాను" అన్నాను. "అయితే సరే" అని బండి కిందనుంచే తల కాస్త బయటపెట్టి బొటనవేలు చాపాడు.

ఓనరు ఆయన్ని పొమ్మన్నాక కూడా నేను నోరు విప్పలేదు. మూడు రోజులు విప్పలేదు.

మీ ఆసుపత్రి లాండ్రీలో కాలిపోయిన దుప్పట్లు నీ తప్పేనని గుమాస్తా రిజిస్టరులో రాసి నీచేత వేలు పెట్టించాడు, గుర్తుందా? నిన్ను ఇస్త్రీ గదిలోంచి నానబెట్టే తొట్ల దగ్గరికి మార్చారు. ఆ సబ్బునీళ్లకి నీ వేళ్లు అరిగి ముద్రే పడకుండా పోయింది. ఆ గుమాస్తాని తిట్టుకుంటూనే నేను బడికి వెళ్లాను. మూడో రోజు పెట్టె తెరిస్తే మూతకి అంటించిన నీ సంతకం కనబడింది. అమ్మా, ఆ గుమాస్తా చేసిన పనే నేనూ చేశాను.

పనివాళ్లంతా టీకి చేరినప్పుడు ఓనరు దగ్గర ఆ కార్డు అడిగి తీసుకున్నాను. ఆ గడి గట్టిగా చదివాను. "ఇది అబద్ధం. మేస్త్రిగారు చూడమన్నారు. నేను విప్పి చూడలేదు. ఆయనకి చదవడం రాదని ఆయన పేరు రాశాను" అన్నాను. ఓనరు మొహం ఎర్రబడింది. "చదువుకున్నదానివని నీ రాత నమ్మాను కదమ్మా" అన్నాడు. స్కానరు నా దగ్గర్నుంచి తీసేసుకున్నాడు. మేస్త్రిగారిని పనిలోనే ఉండమన్నాడు. నన్ను రెండు నెలలు విడిభాగాలు కడగమన్నాడు. కడుగుతున్నాను.

ఆ సాయంత్రం పెద్దమేస్త్రీ నేనూ కలిసి బ్యాటరీ కింద రేకు విప్పాం. ఆయన హెడ్‌లైట్లూ ఫ్యానూ వేయించి, "ఇప్పుడు ఆ తీగకి పెట్టు మీటరు" అన్నాడు. సున్నాకి దగ్గరగా ఉండాల్సిన చోట ఒక వోల్టు పైన చూపించింది. తొడుగు కోస్తే లోపల తీగంతా పచ్చగా చిలుము పట్టి, నాలుగు పోగులు మిగిలాయి. కొత్త తీగ వేశాం. కొత్త బుర్రకి ఏమీ కాలేదు, అదృష్టం. కారు ఇప్పటిదాకా ఆగలేదు.

తీగ బిగిస్తుంటే అడిగాను: "మేస్త్రిగారూ, ఆ రోజు మీరెందుకు చెప్పలేదు?"

"ఏమని చెప్పను? నాది నోటిమాట. నీది రాత" అన్నాడు. బోల్టు ఇంకో చుట్టు బిగించి, "అక్షరాలు రావు గానీ మొహాలు తెలుస్తాయిలే. కార్డు ఇచ్చేటప్పుడు నువ్వు మొహం పక్కకి తిప్పావ్" అన్నాడు.

క్షమించానని ఆయన అనలేదు. నేనూ అడగలేదు. నిన్న నేను కడిగిన భాగాల జాబ్ కార్డు తీసుకెళ్తే బొటనవేలు వెనక్కి లాక్కున్నాడు. "చదువు" అన్నాడు. చదివాను. "మళ్లీ చదువు" అన్నాడు. మళ్లీ చదివాను. "ఎవరి పేరుంది అక్కడ?" అన్నాడు. "నాదే" అన్నాను. అప్పుడు వేలు పెట్టాడు. పక్కనున్న పెయింటరు, "కోర్టులో జడ్జిలా ఉన్నావు మేస్త్రీ" అన్నాడు. "నీకూ చదివిస్తా, వేలు జాగ్రత్త" అన్నాడీయన. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, కళ్లలో నీళ్లతో.

నువ్వు సొంతంగా చదివే మొదటి ఉత్తరంలో నా గొప్పలు రాద్దామని ఎంతో అనుకున్నాను. నా తప్పు రాయాల్సి వచ్చింది. చదివాక నన్ను తిట్టాలనిపిస్తే తిట్టు. కానీ చెల్లిచేత రాయించకు. ఎన్ని రోజులు పట్టినా సరే, నీ చేత్తోనే రాయి.

ఇట్లు,
నీ అక్షరాల కోసం ఎదురుచూసే
నీ పెద్దమ్మాయి